పొగలో ఎవరి పాలెంత?



ఒక చెరువు క్రింద ఎగువ రైతులు ఏండ్ల తరబడి తూములు బార్లా తెరచి రెండేసి పంటలు పండించుకొనిరి. నీరు అడుగంటిన పిమ్మట, “ఇక అందరమును సరిసమానముగా తగ్గించుకొందము” అని దిగువ రైతులతో పలికిరి. ఆ పంపకమును ఏ గ్రామ పెద్దయు న్యాయమనడు. బొగ్గుపులుసు వాయువు విషయమున ప్రపంచ దేశముల తగవు ఇట్టిదే.

బొగ్గును, చమురును కాల్చగా పుట్టెడి ఈ వాయువులో కొంత భాగము శతాబ్దముల పర్యంతము ఆకాశమునందే నిలిచియుండును. కనుక నేటి పొగను మాత్రమే కొలుచుట సగము లెక్క. బ్రిటన్ దేశమునే చూడుడు. ఆవిరి యంత్రములతో బొగ్గు యుగమునకు తెరతీసిన ఆ దేశము 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్కేంద్రమును మూసివేసెను. నేడు లోకము ఏటేట వదలు వాయువులో దాని పాలు నూటికి ఒకటి కంటె తక్కువ. 1750 నుండి కూడబెట్టిన లెక్క తీసినచో నూటికి 4కు పైన. ఆ లెక్కలో అమెరికాది దాదాపు నాలుగవ వంతు! లోకజనులలో ఆరవ వంతునకు మించి నివసించు భారతదేశమునకు నూటికి 4 కూడ లేదు.

బాధ్యత అందరిదే యైనను భారము ఎవరి శక్తికి తగినట్లు వారిదని 1992లో రియో నగరమున దేశములు ఒప్పుకొనినవి. ధనిక దేశములలో ఎవరు భూమిని ఎంత వేడెక్కించిరో కొలిచి, ఆ మేరకు కోత విధింపవలెనని 1997లో బ్రెజిల్ ప్రతిపాదించెను. అది నెగ్గలేదు. ఆ యేటి క్యోటో ఒడంబడికను అమెరికా ధ్రువీకరింపనే లేదు. 2015 నాటి పారిస్ ఒడంబడికతో ఎవరి కోతను వారే నిర్ణయించుకొను పద్ధతి వచ్చెను. అప్పుపడినవాడే వాయిదా సొమ్మును తన ఇష్టము వచ్చినట్లు వ్రాసికొనుట వంటిది!

అయినను పాత ఋణమును చూపి క్రొత్తవారు తప్పించుకొనుటయు పొసగదు. ఏటేటి వాయువులో చైనా పాలు నేడు మూడవ వంతునకు చేరువగా నున్నది. తలసరి లెక్కన అది ఐరోపా సమాఖ్యను మించినది. భారతదేశమున తలసరి సుమారు 2 టన్నులు, అమెరికాలో 14. కాని ఆ 2 టన్నుల సగటు నీడన ఎవరెవరు దాగియున్నారో చూడవలదా? గదిగదికి శీతలయంత్రము గల శ్రీమంతుడును, ఒక్క దీపముతో రాత్రి గడుపు కూలివాడును అందు సమానులే.

ఇక ధనము మాట. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశములు మాట ఇచ్చెను. అది నెరవేరుట 2022లో. 2024లో బాకూ నగరమున బీద దేశములు ఏటా 1,30,000 కోట్లు కోరగా, 2035 నాటికి 30,000 కోట్లు అని తీర్మానించిరి. భారత ప్రతినిధి ఆ సభలోనే తన అభ్యంతరము తెలిపిరి.