ఒక కళ్లం, రెండు కొలతలు

మాఘమాసం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల అందమే వేరు. పత్తిచేల తెలుపు ఒకవైపు, కళ్లాలలో ఎండబోసిన మిరపకాయల ఎరుపు మరొకవైపు. గ్రామసీమల కార్యక్రమానికై ఆ పల్లెలకు వెళ్లినప్పుడల్లా మేము ఒక విషయం గమనిస్తూ వచ్చాము. రైతు మనతో మాట్లాడుతూనే మధ్యమధ్య ఆకాశం వంక చూస్తాడు. ఆరబోసిన కాయమీద ఒక్క వాన కురిస్తే ధర పడిపోతుందని ఆయన భయం. ఆ వానలో మరొక భయం కూడ దాగి ఉన్నది. అది రైతుది మాత్రమే కాదు. ఆ కారంతో కూర వండుకొనే ప్రతి ఇంటిదీను.

తడిసిన కాయకు బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ జాతికి చెందిన కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోగా, వాటికి పెట్టిన వేరుసెనగ పిండిని పరీక్షించి ఈ విషాన్ని కనుగొన్నారు. 1974లో పశ్చిమ భారతంలో బూజు పట్టిన మొక్కజొన్న తిన్న పల్లెవాసులలో నూరుమందికి పైగా కాలేయవ్యాధితో మరణించారు. ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు. పోపులో వేసినా, కూరలో ఉడికించినా నశించదు. కొద్దికొద్దిగానే అయినా చాలకాలం లోపలికి పోతే కాలేయానికి క్యాన్సరు తెచ్చిపెట్టగలదు. కంటికి కనిపించని ఇటువంటి శత్రువునుండి కుటుంబాన్ని కాపాడుకోవడం ఇల్లాలి ఒక్కతెవల్ల అయ్యే పని కాదు. ఆహారం విషయంలో ప్రభుత్వం కలుగజేసుకోవలసి రావడానికి కారణం ఇదే.

మన దేశంలో ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చినది. 1955 జూన్ 1 నుండి అమలు జరిగినది. దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చినది. పాత చట్టం దృష్టి ముఖ్యంగా కల్తీ చేసినవానిని పట్టుకొని శిక్షించడంమీద ఉండేది. కొత్త చట్టం తయారుచేసేవారు మొదలు నిలవచేసేవారు, రవాణా చేసేవారు, అమ్మేవారు వరకు అందరినీ బాధ్యులను చేసినది. అధికారి అంగడిలో నమూనా తీసుకొంటే దానిని నాలుగు భాగాలు చేస్తాడు. ఒక భాగం ప్రభుత్వ విశ్లేషకునికి పోతుంది. రెండు భాగాలు పై అధికారి వద్ద భద్రంగా ఉంటాయి. నాలుగవదానిని, వ్యాపారి కోరినయెడల, గుర్తింపు పొందిన మరొక ప్రయోగశాలకు పంపుతారు. విశ్లేషకుడు 14 రోజులలో నివేదిక ఇవ్వవలెను.

విదేశాలనుండి వచ్చే ఆహారానికి పరీక్ష రేవులోనే మొదలవుతుంది. మనం గారెలు వేయించుకొనే పామాయిలు చాలవరకు ఓడలలో వచ్చి కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవులలో దిగుతుంది. అధికారులు కాగితాలు చూస్తారు, సరుకు చూస్తారు, అవసరమైతే నమూనా తీసి పరీక్షకు పంపుతారు. వారి అనుమతి లేనిదే సరుకు రేవు దాటకూడదు.

మన రేవులో మనం చేసే పనినే ఇతరులు తమ రేవులలో మన సరుకుకు చేస్తారు. 2003 మే నెలలో, భారతదేశంనుండి వెళ్లిన కారపు ఉత్పత్తులలో సూడాన్ అనే రంగు ఉన్నదని ఫ్రాన్సు దేశం బయటపెట్టినది. ఇది నూనెలకు, మైనాలకు, బూట్ల పాలిషుకు వాడే రంగు. నిలవవల్ల వన్నె తగ్గిన కాయల పొడిని ఎర్రగా చూపించడానికి దీనిని కలుపుతారు. ఆ జూన్‌లోనే యూరపు సమాజం, ఈ రంగు లేదని పరీక్షాపత్రం చూపనిదే మిరపకారాన్ని రానివ్వబోమని శాసించినది. మన సుగంధద్రవ్యాల బోర్డు కూడ ఎగుమతి అయ్యే మిర్చికి పరీక్షను తప్పనిసరి చేసినది. అయినను పూర్వం వెళ్లిన సరుకు ఒకటి 2005 ఫిబ్రవరిలో బ్రిటనులో బయటపడి, దానితో చేసిన వందలాది ఆహారపదార్థాలను అంగళ్లనుండి వెనుకకు తీసుకోవలసి వచ్చినది. ఒక మూట కారంలో కలిపిన రంగు ఎంత దూరం పోతుందో దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మా ప్రసంగంలోని అసలు విషయానికి వస్తాము. అఫ్లటాక్సిన్ విషయంలో యూరపు దేశాలు సుగంధద్రవ్యాలకు పెట్టిన పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. అంటే నూరు కోట్ల పాళ్లలో పది పాళ్లు. మన దేశంలోని పరిమితి 30. ఒకే కళ్లంలో ఎండిన కాయ ఓడ ఎక్కాలంటే ఒక కొలత, మన బజారుకు రావాలంటే మరొక కొలత! చిటికెడు కారంతో సరిపెట్టుకొనేవారికి బిగించిన కొలత, ముప్పూటలా కారం తినే మనకు సడలించిన కొలత!

అయితే రేపే మన కొలతను కూడ బిగిస్తే సరిపోతుందా? వాన తగిలిన కుప్ప ఉన్న చిన్నరైతు గతి ఏమిటి? 2006 నాటి చట్టం రైతుకు, అతని సేద్యానికి వర్తించదు. అది న్యాయమే. కాని విషం పుట్టే చోటు మాత్రం కళ్లమే. కాబట్టి అక్కడికి శిక్షకు బదులు సహాయం పోవలెను. లాం పరిశోధనా స్థానంవారు పండించే విద్య నేర్పుతున్నారు. ఎండబెట్టే సౌకర్యం కూడ ఊరూరికీ అందవలెను. మట్టినేలపై కాక పట్టాలమీదనో, గచ్చుమీదనో కాయ ఆరబోయడం, రాత్రి మంచు పడకుండా కప్పడం, తేమ నూటికి పది పదకొండు పాళ్లకు దిగేవరకు ఎండనివ్వడం, తాలుకాయ వేరుచేయడం, టిక్కీలు తొక్కేటప్పుడు నీళ్లు చల్లకపోవడం – ఇవే ఆ విషానికి నిజమైన విరుగుడు. ఇవి కుదిరిన తరువాత మన కొలతను బిగించడానికి అడ్డు చెప్పేవారుండరు.

విదేశీయుని కొలతకు బలం ఎక్కడిది? వద్దని చెప్పి సరుకును వెనుకకు పంపగలగడంలో ఉన్నది. ఆ బలం మనకూ కొంత ఉన్నది. వేసవిలో కారం కొట్టించుకొనే ఇళ్లవారు కాయను విరిచి చూడవలెను. లోపల బూడిదరంగు బూజు కనిపిస్తే పారవేయవలెను. పొడి కొనేటప్పుడు మితిమీరిన ఎరుపును చూసి మురిసిపోరాదు. గ్లాసెడు నీళ్లపై కారం చల్లితే రంగు చారలుగా దిగడం కల్తీకి గుర్తు. కాని సూడాన్ నీటిలో కరగదు గనుక, చారలు లేనంతమాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. దానిని ప్రయోగశాలే పట్టుకోవలెను.

ఆ ప్రయోగశాల తలుపు తట్టే హక్కు చట్టంలోని 40వ సెక్షను సామాన్య కొనుగోలుదారుకు కూడ ఇచ్చినది. పరీక్ష చేయించదలచుకొన్నానని కొనేటప్పుడే అంగడివానికి తెలిపి, రుసుము కట్టి, విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనవచ్చును. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. మనలో ఎందరికి ఈ సంగతి తెలుసును?

గుంటూరు కారానికి సముద్రాల ఆవల ఉన్న గౌరవం మనకు సంతోషమే. ఆ గౌరవాన్ని నిలబెట్టే జాగ్రత్త మన వంటింటికి కూడ దక్కవలెనని కోరడం అత్యాశ కాదు. పండించిన ఊరి పసిబిడ్డ తినే ముద్దకు, పరదేశంలో అతిథి తినే ముద్దకు కొలత ఒక్కటే కావలెను.