పాత ఇంజనుకు కొత్త కవచం
(లోకో షెడ్డు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైళ్లు ఢీకొనకుండా కాపాడే 'కవచ్' పరికరానికి 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లపై తొలి పరీక్షలు జరిగాయి. 2020లో ప్రభుత్వం దానిని జాతీయ రక్షణ వ్యవస్థగా స్వీకరించింది. దక్షిణ మధ్య రైల్వేలో తొలుత 1,465 కిలోమీటర్ల మార్గంలోను, విద్యుత్ లోకల్ రైళ్లతో కలిపి 144 ఇంజన్లలోను అమర్చారు. స్లీపర్లకు బిగించిన ట్యాగులను చదివి, రేడియో ద్వారా సిగ్నలును గ్రహించి, డ్రైవరు బ్రేకు వేయనిచో అది తానే వేయును. దీనిని మనం మనసారా ఆహ్వానిస్తున్నాం.

అయితే ఇంజన్లన్నీ ఒక తీరువి కావు. త్రీఫేజ్ ఇంజనులో కంప్యూటరు నియంత్రణ మొదటినుండీ ఉన్నది. డబ్ల్యూఏజీ-5 వంటి పాత ఇంజను ట్యాప్ చేంజరుతో, కాంటాక్టర్లతో నడుస్తుంది. కాంటాక్టరు కాయిలుకు కరెంటు తెగినప్పుడల్లా 110 వోల్టుల కంట్రోలు తీగలలో సర్జ్ లేస్తుంది. అదురు, దుమ్ము, వేడి సరేసరి. ఎర్తింగు సరిచూడక, పాత తీగలు మార్చక, బ్రేకు పైపుల లీకులు అరికట్టక బిగించినచో ఎంతటి మేలైన పరికరమైనా నమ్మదగినది కాజాలదు.

కనుక మన కోర్కెలు మూడు. అమరికకు షెడ్డులో తగిన వ్యవధి, శిక్షణ పొందిన పర్మనెంటు సిబ్బంది ఉండాలి. ఏ ఇంజనుకు చేసిన వైరింగు పటం ఆ ఇంజను షెడ్డుకు అందాలి. పరికరంలోని నమోదులు పరిశీలించకుండా డ్రైవరును దోషిగా నిలపరాదు.

ప్రయాణికుల ప్రాణరక్షణ, కార్మికుని ఉద్యోగ రక్షణ వేర్వేరు కావు. ప్రతి శాఖ ఈ కోర్కెలపై తీర్మానం చేసి పంపవలసిందిగా కోరుతున్నాం.