భుజం కీలు మార్పిడి: మూడు రకాల్లో ఎవరికి ఏది?

మోకాళ్ల మార్పిడి ఆపరేషన్ గురించి మన ఇళ్లల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. భుజానికి కూడా అలాంటి ఆపరేషన్ ఉందంటే మాత్రం చాలామంది "అవునా?" అంటారు. మొన్న ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా నానమ్మకి 72 ఏళ్లు. భుజం కీలు అరిగిపోయింది, రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేదు. ఒక డాక్టర్ గారు మామూలు రీప్లేస్‌మెంట్ అన్నారు, ఇంకో డాక్టర్ గారు రివర్స్ అన్నారు. ఎవరి మాట వినాలి?" ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. అదెలాగో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు కీలు సంగతి. చేతి ఎముక పైచివర బంతిలా గుండ్రంగా ఉంటుంది. రెక్క ఎముక వైపు ఒక చిన్న గిన్నె ఉంటుంది. గిన్నె అన్నాను గానీ, నిజానికి సాసర్ అనాలి, అంత లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా జారుతుంది కూడా. ఆ బంతిని సాసర్ మధ్యలో పట్టి ఉంచేవి నాలుగు కండరాలు. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. బయటికి గుండ్రంగా కనిపించే పెద్ద కండరం డెల్టాయిడ్. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా వీటి మీదే నడుస్తుంది.

ఇప్పుడు మూడు రకాలు. మొదటిది హెమీ, అంటే సగం మార్పిడి. బంతి ఒక్కటే లోహంది పెడతారు, గిన్నె మనదే. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ నీర్ 1950ల్లో దీన్ని భుజం విరిగినవాళ్ల కోసం వాడుకలోకి తెచ్చారు. రెండోది అనటామిక్. లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె, రెండూ ఉన్నచోటే. మూడోది రివర్స్. పేరులోనే ఉంది, తిరగేశారు. గిన్నె ఉన్నచోట బంతి బిగిస్తారు, బంతి ఉన్నచోట గిన్నె పెడతారు. ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో పాల్ గ్రామోంట్ 1985లో ఈ డిజైన్ తయారుచేశారు. అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 2003 చివర్లో.

ఎందుకు తిరగేయాలి? కఫ్ చిరిగిపోయినవాళ్లు చెయ్యి ఎత్తబోతే, పట్టి ఉంచేవాళ్లు లేక బంతి పైకి జారిపోతుంది, చెయ్యి లేవదు. తిరగేస్తే కీలు తిరిగే కేంద్రం లోపలికి, కిందికి జరుగుతుంది. దాంతో డెల్టాయిడ్‌కి పొడవైన మీట దొరికినట్టు అవుతుంది. కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యిని ఎత్తగలుగుతుంది.

మరి ఫలితాలు ఎలా కొలుస్తారు? రెండు దారులు. ఒకటి, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైందో లెక్కపెట్టడం. దాన్ని రివిజన్ అంటారు. రెండోది స్కోరు. ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోరులో 12 ప్రశ్నలుంటాయి: నొప్పి ఎలా ఉంది, బట్టలు వేసుకోగలరా, జుట్టు దువ్వుకోగలరా, ఇలాంటివి. మొత్తం 48 మార్కులు. కాన్‌స్టంట్ స్కోరు 100కి. అందులో నొప్పికి 15, రోజువారీ పనులకి 20, కదలికకి 40, బలానికి 25.

ఇక అసలు పోలిక. ఎవరికి ఏ సమస్య ఉందో చూడకుండా పోల్చితే అర్థం లేదు కాబట్టి విడివిడిగా చెప్తాను.

కీలు అరిగింది, కఫ్ బాగుంది. ఇలాంటివాళ్లలో హెమీ కంటే అనటామిక్ తర్వాతే చెయ్యి బాగా పనిచేస్తోందని తేలింది. కారణం తేలికే. హెమీలో లోహపు బంతి మన సొంత గిన్నెని రోజూ ఒరుసుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎముక అరిగి నొప్పి తిరిగొస్తుంది. అనటామిక్‌కీ ఒక బలహీనత ఉంది. ప్లాస్టిక్ గిన్నె కాలక్రమంలో వదులవ్వచ్చు, వయసుతో కఫ్ చిరిగిపోవచ్చు.

మరి ఇదే పేషెంట్‌కి రివర్స్ పెడితే? ఇంగ్లండ్ రికార్డులతో 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 60 దాటినవాళ్లు, కఫ్ బాగున్నవాళ్లు, దాదాపు 13 వేల ఆపరేషన్లు. మొదటి మూడేళ్లలో రివర్స్‌కి రివిజన్ తక్కువ. ఆ తర్వాత పెద్ద తేడా లేదు. పేషెంట్లు ఇచ్చిన స్కోర్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నానమ్మ విషయంలో ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే కారణం ఇదే కావచ్చు.

కఫ్ పూర్తిగా పోయి, కీలు కూడా అరిగితే? ఇక్కడ పెద్దగా చర్చ లేదు, రివర్స్ దాదాపు ఖాయం. కఫ్ లేనిచోట అనటామిక్ పెడితే బంతి పైకి జారి, గిన్నె అంచుని ఊపి ఊపి వదులు చేస్తుంది.

పెద్దవాళ్లు బాత్‌రూంలో జారిపడి బంతి ముక్కలైపోతే? స్పెయిన్‌లో 70 దాటిన 62 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. 2014లో వచ్చిన ఫలితం: కాన్‌స్టంట్ స్కోరు రివర్స్ వాళ్లకి సగటున 56.1, హెమీ వాళ్లకి 40. హెమీ పనిచేయాలంటే కఫ్ అంటుకుని ఉండే ఎముక ముక్కలు సరిగ్గా అతుక్కోవాలి. ముసలి ఎముకలో అది చాలాసార్లు జరగదు. రివర్స్ దాని మీద అంతగా ఆధారపడదు.

ఇదంతా విని "అయితే రివర్సే బెస్ట్" అనుకోకండి. మూడు విషయాలున్నాయి.

ఒకటి, రివిజన్ లెక్క ఒక్కోసారి మోసం చేస్తుంది. రివర్స్ ఫెయిలైతే మళ్లీ చేయడం కష్టం, మిగిలే దారులు తక్కువ. కాబట్టి నొప్పి ఉన్నా కొందరు అలాగే నెట్టుకొస్తారు. వాళ్లు రివిజన్ లెక్కలోకి రారు. అందుకే స్కోరు కూడా చూడాలి.

రెండు, రివర్స్‌కి సొంత సమస్యలున్నాయి. కీలు జారడం, భుజం పైనున్న ఎముక ఒత్తిడికి చిట్లడం, గిన్నె అంచు తగిలి రెక్క ఎముక అరగడం. ఏ రకానికైనా ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. మన మొటిమల్లో ఉండే బ్యాక్టీరియానే భుజం ఇంప్లాంట్లలో పెద్ద తలనొప్పి.

మూడోది మన ఇళ్లకి ముఖ్యం. రివర్స్ తర్వాత చెయ్యి పైకి లేస్తుంది గానీ, వీపు వెనక్కి వెళ్లడం చాలామందికి తగ్గుతుంది. 100 మార్కుల్లో అది చిన్న ముక్కే. కానీ జాకెట్ హుక్స్ వెనక ఉండే అమ్మకి, జడ వేసుకునే అమ్మమ్మకి, నీళ్లతో కడుక్కునే మనందరికీ అది రోజూ ఎదురయ్యే పని. ఎడమ భుజమైతే మరీ ఆలోచించాలి. అలాగే కింద కూర్చుని, చేతుల మీద బరువేసి లేచే అలవాటు ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇదే. నానమ్మతో వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు ఫోన్‌లో రాసుకుని వెళ్లు. కఫ్ ఎలా ఉంది, ఎంఆర్ఐలో చూశారా? గిన్నె ఎముక ఎంత మిగిలింది, సీటీలో ఏం కనిపించింది? మీరు ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? ఆపరేషన్ తర్వాత నానమ్మ ఏ పని చేసుకోగలదు, ఏది చేసుకోలేదు? నాలుగో ప్రశ్న మాత్రం నానమ్మనే అడగనివ్వు. తనకి ఏ పని ముఖ్యమో తనకే తెలుసు.

ఇంకో మాట. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చెయ్యి స్లింగ్‌లో ఉంటుంది, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ. అన్నం కలపడానికి, స్నానానికి పక్కన మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో ఆపరేషన్ డేట్ ఫిక్స్ చేసుకునే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇంట్లో భుజం నొప్పితో ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి వినిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.