నడుము నొప్పికి కరెంటొక్కటే చాలదు



"నడుం పట్టేసింది" అనని గృహిణి మనలో ఉందా? తెల్లవారి ముగ్గుకు వంగింది మొదలు రాత్రి వంటింటి గట్టు తుడిచేదాకా ఈ నడుమే కదా మనకు ఆధారం! నలభై దాటాక ఇది మామూలేననుకుని తైలం రాసుకుని సరిపెట్టుకుంటాం. భరించలేనప్పుడు ఫిజియోథెరపీకి వెళ్లి, పది రోజులు కరెంటు పెట్టించుకుని వస్తాం. హాయిగానే ఉంటుంది. నెల తిరక్కుండా మళ్లీ నొప్పి!

ఎందుకిలా? నడుములో అయిదు వెన్నుపూసలు, వాటి మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉంటాయి. వీటికి దన్నుగా నిలిచేవి పొట్ట, వీపు, పిరుదుల కండరాలు. కాపడంగాని, కరెంటుగాని కాసేపు నొప్పిని మరిపించగలవేమోగాని, కండరాలను గట్టిపరచలేవు. ఆ పని వ్యాయామానిదే. విడవకుండా బాధించే మామూలు నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం చేయించమన్నారు. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ అనే కరెంటు, నడుము బెల్టులు మాత్రం అందరికీ అలవాటుగా వాడవద్దన్నారు.

పూర్వం వారాల తరబడి చెక్కబల్ల మీద పడుకోమనేవారు. ఇప్పుడా మాట లేదు. ఒకటి రెండు రోజులకు మించి మంచం పడితే కండరాలు నీరసిస్తాయి. ఓర్చుకోగలిగినంత నడుస్తూ, పనులు చేసుకుంటూ ఉండడమే మంచిది.

అలాగని పక్కింటావిడకు చెప్పిన వ్యాయామాలు మనం చెయ్యకూడదు. న్యూజీలాండులో 1956లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి, తలవైపు ఎత్తి ఉంచిన బల్లమీద అలాగే బోర్లా పడుకున్నాడట. వీపు బాగా వెనక్కి వంగింది. చూసి ఆయన కంగారుపడితే, "నొప్పి తగ్గిందండీ" అన్నాడట రోగి! కొందరికి వెనక్కి వంగితే సుఖం, కొందరికి ముందుకు. అది తేల్చవలసింది పరీక్ష చేసిన ఫిజియోథెరపిస్టే. కాబట్టి అక్కడ మనం అడగవలసింది "ఇంకెన్నాళ్లు కరెంటు?" అని కాదు, "ఇంట్లో నేనేం చెయ్యాలి?" అని.

సామాన్యంగా నేర్పేవి రెండు చెబుతాను. చాపమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకానించండి. పొట్ట బిగించి, నడుము ఒంపును నేలకు అదిమి, అయిదు లెక్కపెట్టి వదలండి. తరువాత అదే భంగిమలో పిరుదులను మెల్లగా పైకెత్తి, అయిదు లెక్కపెట్టి దించండి. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి. ఊపిరి బిగబట్టకండి. నొప్పి కాలిలోకి దిగితే వెంటనే ఆపండి.

బియ్యం సంచి, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

ఒక హెచ్చరిక. కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోయినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

"పావుగంట తీరికేదమ్మా?" అంటారు. ఇంటిల్లిపాదికీ అన్నీ వేళకు అమర్చే మనం, మన నడుముకొక పావుగంట కేటాయించుకోలేమా? ఆ కాసేపూ కాఫీ వాళ్లనే కలుపుకోమనండి. కొంప మునిగిపోదు!