యంత్రములోని సంసారము

వీడియో ఆట యనఁగానే మీలో పలువురకు తుపాకులు పేల్చుటయు, మోటారు బండ్లను పరుగెత్తించుటయు తలఁపునకు వచ్చును. పేకాటవలె సొమ్మొడ్డి ఆడునవి మఱికొందఱికి తోఁచును. ఆ సొమ్మాటల సంగతి వేఱు. ఆన్‌లైను రమ్మీని తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. నేను నేఁడు చెప్పఁబోవు ఆటలో పందెము లేదు, శత్రువు లేఁడు, గెలుపు కూడ లేదు. ఉన్నది సంసారము.

కంప్యూటరు తెరపై ఆటగాఁడొక మనుష్యుని కల్పించును. వానికి పేరు పెట్టును, ఇల్లు కట్టించును. ఆ బొమ్మ మనుష్యుఁడు లేచి మొగము కడుగుకొనవలెను, వండుకొనవలెను, పనికి పోయి జీతము తేవలెను, పెండ్లాడవలెను, పిల్లలను కనవలెను, తుదకు ముసలివాఁడై చావవలెను. ఆటగాఁడు విధాతవలె పైనుండి నడపుచుండును. ఈ జాతి ఆటలలో ప్రసిద్ధమైన సిమ్స్ 2000 ఫిబ్రవరిలో వెలువడినది. దాని కర్త విల్ రైట్ అను అమెరికా దేశస్థుఁడు. 1991లో ఓక్లండు కొండలలో చెలరేఁగిన అగ్నిచేత ఆయన ఇల్లు దగ్ధమైనది. పోయిన సామానును ఒక్కొక్కటిగ మరల సమకూర్చుకొనుచు, మనుష్యునకు నిజముగ కావలసినదేమి యని ఆలోచింపఁగా ఈ యాట తలఁపు ఆయనకు బలపడినదట.

మనకీ తలఁపు క్రొత్త కాదు. వైకుంఠపాళి యిట్టిదే గదా! పుణ్యమునకు నిచ్చెన, పాపమునకు పాము, పై గడిలో పరమపదము. పాము మ్రింగినపుడు ఎవరిమీఁదను కోపము రాదు. గవ్వలట్లు పడినవి, అంతే. తాండూరు ఇండ్లలో నాపరాయి బండలమీఁద సుద్దతోనో బొగ్గుతోనో గీతలు గీసి పులిజూదమాడినవారికి, గీత తప్పిపోయినచో తుడిచి మరల గీయుట తెలియును. ఈ క్రొత్త యాటలలో గీతలు గీసినవాఁడు సియోలులోనో కాలిఫోర్నియాలోనో కూర్చుండును. తుడుచు అధికారము ఆటగానికి లేదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

2014 సెప్టెంబరులో సిమ్స్ నాలుగవ యాట వచ్చినపుడు ఆడువారు ఆశతో తెఱచి చూచిరి. ఈఁతకొలనులు లేవు. అది పోనిండు. ఉయ్యెలలోని శిశువు ఒక్కసారిగ బడికి పోవు పిల్లయై లేచి నిలువఁబడెను! నడుమ తప్పటడుగులు లేవు, ముద్దుమాటలు లేవు. అంతకు ముందటి రెండు ఆటలలోను ఆ ప్రాయము ఉండినది. ఇంటిలో పిల్లలను పెంచిన మీకు ఆ కోపము నేను వివరింపనక్కఱలేదు. కొలనులు ఆ యేఁటి నవంబరులో వచ్చినవి. తప్పటడుగుల పిల్లలు రావలెనన్న 2017 జనవరి దాఁక ఆగవలసి వచ్చినది.

పిమ్మట 2025 మార్చి 28వ తేదీన దక్షిణ కొరియాలోని క్రాఫ్టన్ కంపెనీవారి ఇన్‌జోయ్ వెలువడినది. వారము దినములలో పది లక్షల ప్రతులు అమ్ముడుపోయినవి. చూచుటకు అది అద్భుతమే. తలవెండ్రుకలు, వస్త్రముల మడతలు నిజమువలెనే యుండును. పాపపుణ్యముల లెక్కయు కలదు. పాపము మిగిల్చుకొని చచ్చినవాఁడు దయ్యమై ఊరిలో తిరుగును. కొరియావారు వైకుంఠపాళి ఆడిరో లేదో కాని, కర్మ యను మాటనే అందు వాడిరి. అయినను తొలి దినములలోనే ఫిర్యాదులు బయలుదేఱినవి. బొమ్మలకు అందమున్నది కాని మనసు లేదని పలువురనిరి. తగవు పడినవారు మఱుక్షణమున ఏమియు జరుగనట్లు తిరుగుచుండిరి. బండితో పిల్లలను గుద్ది చంపుటకు వీలైన లోపమొకటి కానరాఁగా కంపెనీవారు దానిని సవరించిరి. అన్నిటికంటె, తక్కువలో తక్కువ పండ్రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తియు, బొమ్మలు గీయుటకు ప్రత్యేకమైన కార్డును గల యంత్రము దీనికి కావలెను. వికారాబాదు కళాశాలకు పోవు పిల్లవాని సాధారణ ల్యాప్‌టాపుపై అది సాగదు.

తాండూరులో నే నెఱిగిన యువకుఁడొకఁడు ఇట్టి యాట యొకదానిలో తన నాయనమ్మ బొమ్మను చేసెను. ఏ యాటయో చెప్పను. నుదుటి బొట్టు, నెరసిన ముడి బాగుగనే కుదిరినవి. తులసికోటకై వెదకెను, దొరకలేదు. తరువాత ఆ బొమ్మ స్నానపుగది తలుపు నొద్ద తగులుకొని, ఎంత పిలిచినను కదలక, ఆకలితో సాయంకాలము దాఁక నిలువఁబడెను. వాఁడు నిజముగనే కంటఁ దడి పెట్టుకొనెను. ప్రక్కనున్న అసలు నాయనమ్మ, "నన్ను నిలఁబెట్టి చంపుచున్నావేమిరా!" అని నవ్వినది. ఆ నవ్వు నాకు నచ్చినది. కాని వాని దుఃఖమును ఉత్త పిచ్చితనమని త్రోసివేయలేను. రెండు నెలలు జీతములో మిగిల్చిన సొమ్ము అది. అంతకు మించి, తాను ప్రేమించినదానిని అందులో పెట్టెను.

ఈ యాటలలో పెక్కింటిని పూర్తి గాకమునుపే అమ్ముదురు. దానిని ఎర్లీ యాక్సెస్ అందురు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దాని సేద్యమెఱిగిన మీకు ఈ బేరము సులువుగ బోధపడును. పూత చూచి చేను కొన్నవాఁడు మంచు పడినను పురుగు పడినను ఓర్చుకొనవలెను. అయితే అట్టివాఁడు చేను చూచి, ధర తగ్గించి కొనును. ఇక్కడనో, బొమ్మ చూపి నిండు ధర తీసికొని, కోఁత ఎపుడో చెప్పరు. ఒక్కొక్కపుడు కోఁతయే యుండదు. లైఫ్ బై యూ అను ఇట్టి యాటనే పలుమార్లు వాయిదా వేసి, 2024 జూనులో పారడాక్స్ కంపెనీవారు పూర్తిగ మానివేసిరి. ఆటగాండ్ర గోలలో సగము న్యాయమేనని నా అభిప్రాయము. మిగిలిన సగము తొందర.

మీ యింటి పిల్లవాఁడు ఇట్టిది కొందునని అడిగినచో, ముందుగ వాని యంత్రము దానికి చాలునో చాలదో చూడుమనుఁడు. స్టీము అను అంగడిలో కొన్నచో, పదునాలుగు దినములలోపల, ఆడినది రెండు గంటలకు లోపడి యున్నంతవఱకు సొమ్ము తిరిగి అడుగవచ్చును. పూర్తికాని ఆటలకును ఇది వర్తించును. మొదటి రెండు గంటలు వాని ప్రక్కన కూర్చుండి మీరును చూడుఁడు.