క్రాస్‌కు ముందు చదవాల్సింది

సెషన్స్ కేసులో ట్రయల్‌కు సిద్ధపడడం, సాక్షిని క్రాస్ చేయడం, చివర్లో వాదన వినిపించడం, ఈ మూడింటి మీద మాట్లాడమన్నారు. మూడూ చెబుతాను. అయితే ఈ హాల్లో కోకా సుబ్బారావు గారి పటం కనిపిస్తుంటే ఆయన దగ్గర మొదలుపెట్టకుండా ఉండలేను. రాజమండ్రి మనిషి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరెత్తగానే ఎవరైనా 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పునే తలుచుకుంటారు. రాజ్యాంగం చదువుకునేవారికి అది పెద్ద తీర్పే. ట్రయల్ కోర్టులో రోజూ సాక్షి ఎదుట నిలబడే మనకు మాత్రం 1959లో ఆయన మెజారిటీ తరఫున రాసిన తహసీల్దార్ సింగ్ తీర్పే ఎక్కువ అక్కరకొచ్చేది. మనవాడు రాసిన తీర్పును మనమే సరిగ్గా చదవడం లేదన్నది నా బాధ.

ఉత్తరాదిలో రాత్రివేళ జరిగిన కాల్పుల కేసది. అక్కడ గ్యాస్ లాంతరు ఉందని దర్యాప్తు అధికారికి చెప్పావా అని డిఫెన్సు లాయరు సాక్షిని అడగబోయాడు. రాత్రిపూట మనుషుల్ని గుర్తుపట్టానన్న సాక్షికి వెలుతురు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్న కుదరదని సెషన్స్ జడ్జి ఆపేశారు. సుప్రీంకోర్టులో ఆరుగురు న్యాయమూర్తుల ముందుకొచ్చిన వివాదం ఇదే: పోలీసులకు చెప్పని సంగతిని సాక్షి కోర్టులో చెబితే అది వైరుధ్యం అవుతుందా, కాదా? సుబ్బారావు గారు 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు దగ్గర్నుంచి, పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటును ఎలా వాడాలో చెప్పే సెక్షను ఎలా మారుతూ వచ్చిందో తవ్వి చూపి, చెప్పకుండా వదిలేసిన ప్రతిదీ వైరుధ్యం కాదన్నారు. ముందు చెప్పిన మాటలోంచి తప్పనిసరిగా వచ్చే అర్థానికి ఇప్పటి మాట అడ్డుపడితేనే వైరుధ్యమని గీత గీశారు. ముద్దాయిల అప్పీలు పోయింది, చర్చ మాత్రం ఆగలేదు. 1973 కోడులో పార్లమెంటు ఆ 162వ సెక్షనుకు వివరణ చేర్చి, సందర్భాన్ని బట్టి ముఖ్యమైన లోపం కూడా వైరుధ్యం కావచ్చునంది. ఆ మాటే ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 181లో ఉంది. 2024 జూలై 1న 1872 నాటి సాక్ష్య చట్టం పోయింది. సాక్షి ముందు ఇచ్చిన రాతపూర్వక స్టేట్‌మెంటును అతనికి చూపి అడగడం గురించిన దాని 145వ సెక్షను కొత్త సాక్ష్య చట్టంలో 148 అయింది. నంబర్లు మారాయి గానీ లాయరు చేయాల్సిన పని మారలేదు.

ఆ పని గొంతుతో చేసేది కాదు, కళ్లతో చేసేది. క్రాస్‌లో సాక్షి తడబడ్డాడంటే అది లాయరు చమత్కారం వల్లనే అని బయటివాళ్లు అనుకుంటారు. మనలో కూడా చాలామంది అలాగే అనుకోవడం మొదలుపెట్టారు. నిజానికి ఆ తడబాటు ముందే కేసు కట్టలో ఉంటుంది. ఎఫ్.ఐ.ఆర్.లో ఏమన్నాడు, ఇన్‌క్వెస్టులో ఏమన్నాడు, పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో ఏమన్నాడు, మేజిస్ట్రేటు ముందు ఏమన్నాడు, చీఫ్ ఎగ్జామినేషన్‌లో ఏమన్నాడు, ఇవన్నీ ఒక్కో సాక్షికి ఒక్కో కాగితం మీద పక్కపక్కన రాసుకున్నవాడికే ఆ తేడా కనపడుతుంది. ఎఫ్.ఐ.ఆర్. మేజిస్ట్రేటుకు ఎన్నింటికి చేరిందో, రఫ్ స్కెచ్‌లో కరెంటు స్తంభం ఎక్కడుందో, పోస్ట్‌మార్టం రిపోర్టులోని గాయానికి సాక్షి చెప్పిన ఆయుధం సరిపోతుందో లేదో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. నాగరిక్ సురక్షా సంహిత సోదాకు, స్వాధీనానికి వీడియో తీయమంటోంది కాబట్టి ఇక పంచనామా చదివితే సరిపోదు, వీడియో పెట్టుకుని పంచనామాతో పోల్చుకోవాలి.

తేడా కనిపెట్టినంత మాత్రాన సరిపోదు. స్టేట్‌మెంటులోని ఆ వాక్యాన్నే సాక్షికి చూపాలి. ఒప్పుకుంటే వైరుధ్యం రుజువైనట్టే. కాదంటే ఆ భాగాన్ని గుర్తు పెట్టించి, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు సాక్షి నీకు అలా చెప్పాడా అని అడిగి, ఎక్స్. డి1గానో డి2గానో మార్కు చేయించాలి. 2015లో వి.కె. మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఈ క్రమాన్నే మెట్టుమెట్టుగా చెప్పింది. అయినా ఈనాటికీ పి.డబ్ల్యూ.1ని గంటసేపు నిలదీసిన లాయరే దర్యాప్తు అధికారి వచ్చిన రోజున ఆ ప్రశ్న మరిచిపోతున్నాడు. దాంతో ఆ గంట శ్రమకు రికార్డులో విలువ ఉండదు. దాని బదులు సజెషన్లు పెరిగాయి. ‘మీరు అక్కడ లేరు, అబద్ధం చెబుతున్నారు’ అంటాం, ‘కాదు’ అంటాడు సాక్షి. ఇలాంటివి పేజీలకు పేజీలు నడుస్తున్నాయి. సాక్షి కాదన్న సజెషను సాక్ష్యం కాదని మనందరికీ తెలుసు. తెలిసీ అవే అడుగుతున్నామంటే చదవడానికి పెట్టాల్సిన పొద్దు వేరే దేనికో పోతోందని అర్థం.

దీనికి ఎదురయ్యే వాదనలు నాకు తెలుసు. ఆ స్టేట్‌మెంటు పోలీసు రాసుకున్నది, సాక్షి సంతకం కూడా ఉండదు, దాన్ని పట్టుకుని నిజాయితీపరుణ్ణి ఇబ్బంది పెట్టడం న్యాయమా అంటారు. సంతకం తీసుకోవద్దన్నది చట్టమే. పోలీసు రాతను నమ్మలేమనే దాన్ని ముద్దాయి మీద సాక్ష్యంగా వాడనివ్వలేదు, ముద్దాయి చేతికి మాత్రం రక్షణగా ఇచ్చింది. రాసింది తప్పైతే అధికారి బోనులో ఉన్నాడు, ప్రాసిక్యూషన్ రీ-ఎగ్జామినేషన్‌లో వివరణ రాబట్టుకోవచ్చు. నిజం చెప్పే సాక్షికి దీనివల్ల వచ్చే నష్టం లేదు. ఇంకొందరు 1983 నాటి భోగిన్‌భాయి తీర్పు చూపిస్తారు. మనిషి జ్ఞాపకం ఫోటో కాదు, చిన్నచిన్న తేడాలను పట్టించుకోనక్కర్లేదని అందులో ఉంది కదా, ఇంత కసరత్తు ఎందుకంటారు. ఆ తీర్పు సరైనదే. కానీ ఏది చిన్న తేడా, ఏది కేసు పునాదిని కదిపే తేడా అని ఎంచడానికి రికార్డంతా చదివి ఉండాలి. చొక్కా రంగు మారితే వదిలేయాలి, లాంతరు సంగతి మారితే వదలకూడదు. చదవనివాడు రెంటినీ ఒకేలా గట్టిగా అడిగి, అసలైనదాన్ని కూడా చిల్లరగా కనిపించేలా చేస్తాడు.

తీరిక లేదనే మాట అన్నింటికన్నా బరువైనది. లీగల్ ఎయిడ్ కేసులు చూసే జూనియరుకు వచ్చేదెంత, ఒక్కరోజు తిరగాల్సిన కోర్టులెన్ని అన్నది నేను కాదనను. ఆ భారం తగ్గించడం బార్ అసోసియేషన్ పెద్దల చేతుల్లోనూ కొంత ఉంది. కానీ ఆ భారం చివరికి ఎవరి మీద పడుతోంది? చీఫ్ అయిపోయాక క్రాస్‌కు వాయిదా అడుగుతున్నాం. సాక్షి మళ్లీ కూలి మానుకుని బస్సెక్కి రావాలి, ఈలోగా ఎవరో ఒకరు అతణ్ణి కలవనే కలుస్తారు. 2015లో వినోద్ కుమార్ కేసులో చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య ఇరవై నెలలు గడిచాయని సుప్రీంకోర్టు ఎంత కఠినంగా మాట్లాడిందో చదవండి. విచారణ మొదలైతే రోజువారీ సాగాలని చట్టం ఎప్పటినుంచో అంటోంది. అది సాగాలంటే సాక్షి వచ్చేసరికి లాయరు కాగితం సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు ఫోనులో తీర్పులు క్షణంలో దొరుకుతున్నాయి, అది మంచిదే. కానీ తీర్పుల వేటలో రాత్రంతా గడిపి, సొంత కేసులోని రఫ్ స్కెచ్ విప్పకుండా కోర్టుకు వచ్చే అలవాటు ముదురుతోంది. మన పెద్దలు తీర్పులు తక్కువ చదివినా కేసు కట్టను కంఠతా తెచ్చుకునేవారు.

వాదన గురించి చెప్తానన్నాను గానీ సమయం మించిపోయింది. ఒక్కటే చెబుతాను. పై కోర్టుకు మన గొంతు వెళ్లదు, డిపోజిషను వెళుతుంది. సాక్షి తెలుగులో చెప్పింది చాలాచోట్ల ఇంగ్లీషులోకి ఎక్కుతోంది, అక్కడ మాట జారిపోయే అవకాశం ఎక్కువ. అందుకే సాక్షి చెప్పిన రోజు సాయంత్రం లోపే డిపోజిషను తెప్పించుకుని చదవండి. తేడా ఉంటే సాక్షి కోర్టు దాటకముందే జడ్జి గారి దృష్టికి తీసుకెళ్లి సరిచేయించండి. నెలలు గడిచాక వాదనలో ‘సాక్షి అలా అనలేదండీ’ అంటే రాసి ఉన్నదాన్ని కాదనే వీలు ఆయనకు ఉండదు.