అద్దె గది అడిగిన అతిథి

(నారాయణరావుపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థి నాయకత్వం గురించి నాలుగు మాటలు చెప్పమని మిత్రులు నన్ను ఆహ్వానించారు. నాయకత్వం అనగానే జెండాలు, ఎన్నికలు, ఊరేగింపులు గుర్తుకు వస్తాయి. నేను మాత్రం హైదరాబాదులో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థుల గురించి, వారి సాంస్కృతిక సంఘాలను నడిపే యువకుల గురించి మాట్లాడదలచాను. నారాయణరావుపేటకూ ఆఫ్రికాకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఆ సంబంధం ఒక అద్దె గది దగ్గర మొదలవుతుంది.

ఇక్కడి పిల్లలు పై చదువులకని సిద్దిపేటలో బస్సెక్కి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగుతారు. దిగిన రోజు నుంచే గది వేట. నేనూ అలా వెతికినవాడినే. ఇంటివారు ముందు పేరు అడిగేవారు. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవారికి ఇచ్చేశాం, బాబూ" అనేవారు. గేటుకు 'టులెట్' పలక వేలాడుతూనే ఉండేది. ఈ అనుభవం మీలో చాలామందికి ఉంది.

చాలా ఏళ్ళ తరువాత, మనవాళ్ళే ఎక్కువగా ఉండే ఒక మొహల్లాలో, మన సమాజానికే చెందిన ఒక పెద్దమనిషి ఇంట్లో కూర్చుని ఉన్నాను. ముగ్గురు ఆఫ్రికా యువకులు వచ్చి సలాం చేశారు. కింది భాగం అద్దెకు కావాలన్నారు. ఆయన సలాముకు జవాబిచ్చి, ఖాళీ లేదన్నారు. ఖాళీ ఉంది. వారు వెళ్ళాక నా వైపు తిరిగి, "వాళ్ళకిస్తే మొహల్లాలో మాట వస్తుంది భాయ్" అన్నారు.

నేను వీధి చివర వారిని కలుసుకున్నాను. ముగ్గురిలో ఒకడికి గది అవసరమే లేదు. అతడు తమ విద్యార్థి సంఘం కార్యదర్శి. కొత్తగా వచ్చిన ఇద్దరికి తోడుగా తిరుగుతున్నాడు. ఆ రోజు అది ఏడో గడప అని చెప్పాడు. ఎవరినీ నిందించలేదు. "ఎవరైనా ఇచ్చేవారు తెలిస్తే చెప్పండి" అని మాత్రం అడిగాడు. నాకు చాలా సిగ్గు వేసింది.

సోదరులారా! ఆఫ్రికా విద్యార్థుల సాంస్కృతిక సంఘం అంటే ఏటా ఒక రోజు నృత్యాలు, వంటకాలు, రంగురంగుల దుస్తులు అని మనం అనుకుంటాం. మే 25న ఆఫ్రికా దినోత్సవం జరుపుకోవడం మనకు కనిపిస్తుంది. 1963లో ఆ రోజుననే ఆఫ్రికా దేశాలు అడిస్ అబాబాలో కలిసి ఐక్యతా సంస్థను ఏర్పరచుకున్నాయి. మిగిలిన రోజుల్లో ఆ సంఘ నాయకులు చేసే పని మనకు కనిపించదు. కొత్త విద్యార్థికి వారే దారి చూపిస్తారు. దీర్ఘకాలిక వీసాపై వచ్చిన విద్యార్థి 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఇంటి యజమాని 24 గంటల్లోగా అతడి వివరాలు అధికారులకు పంపాలి. యజమాని అద్దె ఒప్పందం రాసి ఇవ్వకపోతే ఆ విద్యార్థి కాగితాలన్నీ చిక్కుల్లో పడతాయి. అప్పుడు యజమానితో, విశ్వవిద్యాలయంతో, అవసరమైతే పోలీసులతో మాట్లాడేది వీరే. జబ్బుపడితే ఆస్పత్రికి తోడు వెళ్ళేదీ వీరే. సూడాన్, సోమాలియా, నైజీరియా, కాంగో విద్యార్థుల భాషలు వేరు, మతాలు వేరు. అరబ్బీ, స్వాహిలీ, ఫ్రెంచి, ఇంగ్లీషు మాట్లాడేవారందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టడమే వారి మొదటి విజయం.

ఈ పనికి నూరేళ్ళ చరిత్ర ఉంది. 1925లో లండన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న నైజీరియా యువకుడు లాడిపో సొలాంకే, మరికొందరితో కలిసి పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘాన్ని స్థాపించాడు. నల్లవారికి గదులు ఇవ్వని నగరమది. సొలాంకే 1929లో పశ్చిమాఫ్రికాకు వెళ్ళి, మూడేళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించాడు. 1933లో లండన్‌లో తమ విద్యార్థులకు సొంత వసతి గృహం తెరిచారు. అక్కడ భోజనం దొరికింది, సొంత ఊరి మాట దొరికింది, స్వాతంత్ర్యం గురించి చర్చ కూడా దొరికింది. 1945లో లండన్ వచ్చిన క్వామే ఎన్‌క్రుమా ఆ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. 1957లో స్వతంత్ర ఘనాకు నాయకత్వం వహించాడు. మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. ఢిల్లీలో అర్థశాస్త్రం చదివి వెళ్ళిన బింగు వా ముతారికా 2004లో మలావీ దేశాధ్యక్షుడయ్యాడు. ఈ రోజు మన గేటు ముందు నిలబడిన విద్యార్థి రేపు ఏమవుతాడో మనకు తెలియదు. అయితే అతడు గొప్పవాడవుతాడని కాదు, అతిథి అని, మనిషి అని గౌరవించాలి.

మన నేలకు ఆఫ్రికా కొత్త కాదు. అబిసీనియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనుకు చేరిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపాడు, 1626లో మరణించేదాకా మొఘలులను నిలువరించాడు. హైదరాబాదులో 'ఏసీ గార్డ్స్' అని బస్సు దిగేవారిలో ఎందరికి ఆ పేరు అర్థం తెలుసు? నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా అశ్వికదళం నివసించిన చోటు అది. 1948 తరువాత ఆ కొలువు పోయింది, మనుషులు మిగిలారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. మన పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వారూ, అరబ్బులూ కాపాడి ఇచ్చిన సంగీతమే. 2007 చట్టం ద్వారా 4 శాతం రిజర్వేషన్ పొందిన బీసీ-ఇ జాబితా తీసి చూడండి. సిద్దీ, హబ్షీ పేర్లు అందులో ఉన్నాయి. హక్కుల కోసం అర్జీ రాసేటప్పుడు వారు మనవారు. పక్కింటికి అద్దెకు వస్తామన్నప్పుడు మాత్రం పరాయివారా?

2016 జనవరిలో బెంగళూరులో టాంజానియా విద్యార్థినిపై మూక దాడి చేసింది. ఎవరో వేరే ఆఫ్రికా వ్యక్తి కారు ప్రమాదం చేస్తే, ఆమెను పట్టుకున్నారు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక బాలుడి మృతి తరువాత, వదంతులు నమ్మిన గుంపులు నైజీరియా విద్యార్థులను కొట్టాయి. ఇళ్ళు దాటి రావద్దని భారతదేశంలోని ఆఫ్రికా విద్యార్థుల సంఘమే తన సభ్యులకు చెప్పవలసి వచ్చింది. ఒకడి తప్పుకు అందరినీ దోషులుగా నిలబెట్టడం, వదంతిని సాక్ష్యంగా తీసుకోవడం ఎంత బాధాకరమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

వారిలో తప్పు చేసేవారు లేరని నేను అనడం లేదు. తప్పు చేసినవాడిని చట్టం చూసుకుంటుంది. ఆ ఒక్కడిని చూపి ఇరవైమంది ముఖాన తలుపు వేయడమే అన్యాయం. మనపై అటువంటి నింద పడినప్పుడు మనం చెప్పే జవాబు కూడా ఇదే కదా!

మక్కాలో హింస భరించలేని తొలి విశ్వాసులకు ఆశ్రయమిచ్చింది అబిసీనియా రాజు నజాషీ. వారిని అప్పగించమని మక్కావారు అడిగినా, ఆయన హజ్రత్ జాఫర్ (రజి) మాట విని, అప్పగించలేదు. మొట్టమొదటి అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ (రజి) హబ్షీయే. రంగును బట్టి ఎవరికీ ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) అంతిమ హజ్ సందర్భంగా ప్రకటించారు. పిల్లలకు బిలాల్ అని ప్రేమగా పేరు పెట్టుకుంటాం. బిలాల్ రంగు మనిషి గడపలోకి వస్తే ఖాళీ లేదంటాం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమడవు.

విద్యార్థులారా! ఆ కార్యదర్శి నుంచి రెండు పాఠాలు నేర్చుకోండి. ఒకటి, తనకు గది దొరికిన తరువాత కూడా రెండోవాడి కోసం ఏడు గడపలు తిరగడం. రెండు, తనది కాని భాషవాడిని, తనది కాని మతంవాడిని కూడా తన బాధ్యతగా ఎంచడం. నగరానికి వెళ్ళాక మీ తరగతిలోని ఆఫ్రికా సహపాఠిని పండుగకు ఇంటికి పిలవండి. నమోదు కార్యాలయంలో తెలుగు, ఉర్దూ రాక ఇబ్బందిపడుతుంటే పక్కన నిలబడండి.

పెద్దలారా! నగరంలో ఇళ్ళున్న మీ బంధువులతో మాట్లాడండి. కాగితాలు అడగండి, ఒప్పందం రాసుకోండి, వివరాలు అధికారులకు పంపండి. ఇవన్నీ సక్రమంగా ఉంటే, రంగును చూసి కాదనవద్దు, రంగును చూసి అద్దె పెంచవద్దు.

ఆ ఇద్దరు విద్యార్థులకు పదకొండో గడపలో గది దొరికిందని తరువాత తెలిసింది. ఇచ్చింది ఒక వృద్ధ వితంతువు. మొహల్లాలో మాట రాదా అని అడిగితే, "వస్తే రానీ బేటా, పిల్లలు ఎండలో నిలబడ్డారు" అన్నదట. ఆ తల్లికి దక్కిన సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.